పది రోజుల్లో అయిదు కిలోలు: తగ్గింది కొవ్వా? నీరా?

"డాక్టరు గారూ, డైట్ మొదలుపెట్టి పది రోజులైంది. అయిదు కిలోలు తగ్గాను. ఇంత త్వరగా తగ్గడం మంచిదేనా?"

మన ప్రాంతంలో ఓపీ గదుల్లో తరచుగా వినిపించే ప్రశ్న ఇది. అడిగేవారి ముఖంలో సంతోషమూ ఉంటుంది, లోపల కొంచెం భయమూ ఉంటుంది. సంతోషానికీ కారణముంది, భయానికీ కారణముంది. ఇంతకీ మొదటి రోజుల్లో శరీరంలో నుంచి పోయేదేమిటి? అది ఎవరికి మేలు, ఎవరికి కీడు? ఈ సంగతులు తెలుసుకుంటే డైట్ చేసేవారూ, చేయాలా వద్దా అని ఆలోచిస్తున్నవారూ సరైన నిర్ణయం తీసుకోగలరు.

ఒకే ఊరు, రెండు డైట్లు

బరువు తగ్గించే ఆహార పద్ధతుల విషయంలో విజయవాడకు ఒక ప్రత్యేకత ఉంది. ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకమైన రెండు పద్ధతులు ఇక్కడినుంచే తెలుగువారి ఇళ్లలోకి వెళ్లాయి.

మొదటిది మంతెన సత్యనారాయణ రాజు గారి ప్రకృతి ఆహార విధానం. ఉప్పు లేని, నూనె లేని వంట, పచ్చి కూరగాయలు, మొలకలు, పండ్లు, ఎక్కువగా మంచినీళ్లు. టీవీ కార్యక్రమాల ద్వారా, పుస్తకాల ద్వారా, కృష్ణ ఒడ్డున ఉన్న ఆరోగ్యాలయం ద్వారా ఇది ప్రచారమైంది.

రెండవది వీరమాచనేని రామకృష్ణ గారి డైట్. 2017, 2018 ప్రాంతంలో ఊరూరా సభలు జరిగి ఇది ఒక ఉద్యమంలా సాగింది. ఇందులో అన్నం, చపాతీ, పంచదార, పండ్లు మానేయాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు (ముఖ్యంగా కొబ్బరినూనె), మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవాలి.

ఒకరు నూనె చుక్క కూడా వద్దంటారు. మరొకరు నూనె తాగమంటారు. ఒకరు పండు తినమంటారు. మరొకరు పండు ముట్టవద్దంటారు. అయినా రెండు పద్ధతుల్లోనూ మొదటి పది రోజుల్లో బరువు చకచకా తగ్గిందని చెప్పేవారు మన వీధిలోనే కనిపిస్తారు. వారు అబద్ధం చెప్పడం లేదు. మరి రెండు వ్యతిరేక మార్గాల్లో ఒకే ఫలితం ఎలా వచ్చింది? అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మొదటి వారంలో పోయేది ముఖ్యంగా నీరు

మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారుతుంది. వెంటనే ఖర్చు కానిదాన్ని శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు నిల్వ ఉంటుంది. ఈ గ్లైకోజెన్ పొడిగా ఉండదు. ఒక్కో గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు కలిసి ఉంటుంది. అన్నం మానేసిన రెండు మూడు రోజుల్లో ఈ నిల్వ చాలావరకు ఖర్చవుతుంది, దానితో ఉన్న నీరు మూత్రంలో వెళ్లిపోతుంది. అర కిలో గ్లైకోజెన్, కిలోన్నర నీరు. అంటే కొవ్వు ఒక్క గ్రాము కరగకుండానే రెండు కిలోల వరకు బరువు తగ్గవచ్చు.

రెండవ కారణం ఉప్పు. ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన ఒంట్లో, కణాల బయట ఉండే నీటిలోనూ ఉప్పు ఇంచుమించు ఇదే పాళ్లలో ఉంటుంది. కాబట్టి శరీరం నుంచి 9 గ్రాముల ఉప్పు పోతే దానితో పాటు సుమారు ఒక లీటరు నీరు, అంటే ఒక కిలో బరువు పోతుంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలతో భోజనం చేసే ఇంట్లో ఒక్కసారిగా ఉప్పు మానేస్తే జరిగేది ఇదే. పిండిపదార్థాలు మానేసినా ఇదే జరుగుతుంది. ఎందుకంటే అప్పుడు రక్తంలో ఇన్సులిన్ తగ్గుతుంది. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు ఉప్పును ఎక్కువగా బయటకు పంపుతాయి.

మూడవది, తిండి తగ్గితే పేగుల్లో ఉండే పదార్థం కూడా తగ్గుతుంది. అదీ మిషను మీద కనిపిస్తుంది.

ఇప్పుడు అర్థమైంది కదా! ఒక డైట్ ఉప్పు మాన్పించి నీరు తీస్తుంది. మరొక డైట్ అన్నం మాన్పించి నీరు తీస్తుంది. బరువు మిషనుకు నీటికీ కొవ్వుకీ తేడా తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం

ఒక కిలో ఒంటి కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు రావాలి. ఇంట్లో పనిచేసుకునే ఒక గృహిణికి రోజుకు 2,000 కేలరీలు కావాలనుకుందాం. ఆమె తిండిని సగానికి తగ్గించి 1,000 కేలరీలే తిన్నారు. వారానికి లోటు 7,000 కేలరీలు. అంటే కిలో కంటే కొంచెం తక్కువ కొవ్వు. ఏడు రోజులూ మంచినీళ్లతోనే ఉన్నా లోటు 14,000 కేలరీలే. కొవ్వు పోయేది రెండు కిలోల లోపే.

కాబట్టి "వారంలో అయిదు కిలోల కొవ్వు కరిగింది" అనేది లెక్కకు అందని మాట. అయిదు కిలోల బరువు తగ్గడం నిజమే కావచ్చు, అందులో ఎక్కువ భాగం కొవ్వు మాత్రం కాదు.

దీన్ని అమెరికాలో కొలిచి కూడా చూశారు. 1976లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆరుగురు స్థూలకాయులకు ఒకసారి అన్నిరకాల పదార్థాలూ కలిసిన ఆహారం, మరొకసారి పిండిపదార్థం దాదాపు లేని ఆహారం పదేసి రోజులు ఇచ్చారు. రెండింటిలోనూ రోజుకు 800 కేలరీలే. పిండిపదార్థం లేని ఆహారంతో రోజుకు సుమారు 467 గ్రాములు తగ్గారు. కలిసిన ఆహారంతో సుమారు 278 గ్రాములే తగ్గారు. చూడగానే మొదటిదే గొప్పదనిపిస్తుంది. అయితే మొదటిదానిలో తగ్గిన బరువులో 61 శాతం నీరు, 35 శాతం కొవ్వు. రెండవదానిలో నీరు 37 శాతం, కొవ్వు దాదాపు 60 శాతం. లెక్కగడితే రెండింటిలోనూ రోజుకు కరిగిన కొవ్వు ఇంచుమించు 165 గ్రాములే! తేడా అంతా నీటిదే.

మూడో వారంలో వచ్చే నిరాశ

నీరు పోవడం ఒకటి రెండు వారాల్లో ఆగిపోతుంది. అక్కడినుంచి కొవ్వు మాత్రమే నెమ్మదిగా కరుగుతుంది. మొదటి వారం నాలుగు కిలోలు తగ్గిన వ్యక్తి మూడో వారం అర కిలోయే తగ్గితే "డైట్ పనిచేయడం మానేసింది" అనుకుంటారు. నిజానికి అసలు పని అప్పుడే మొదలైంది. చాలామంది సరిగ్గా అక్కడే వదిలేస్తారు.

ఇంకొందరు పెళ్లి భోజనం ఒక్కటి చేసి మర్నాడు మిషను ఎక్కి హడలిపోతారు. రాత్రికి రాత్రి రెండు కిలోలు పెరిగి ఉంటుంది. అది కూడా కొవ్వు కాదు, తిరిగి వచ్చిన గ్లైకోజెన్, ఉప్పు, నీరు. దానికి భయపడి మూడు రోజులు పస్తులుండనక్కర్లేదు. మామూలు పద్ధతికి తిరిగి వస్తే చాలు.

బరువును వారానికి ఒకసారి, ఒకే రోజున, ఉదయం ఏమీ తినక ముందు చూసుకోండి. దానితో పాటు టేపుతో నడుము కొలుచుకోండి. నీరు పోయినంత మాత్రాన నడుము పెద్దగా తగ్గదు, కొవ్వు కరిగితే తగ్గుతుంది. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉన్నట్లు లెక్క.

వేగంగా తగ్గితే అంతే వేగంగా పెరుగుతారా?

"త్వరగా తగ్గిన బరువు త్వరగా తిరిగి వస్తుంది" అని అందరం అంటుంటాం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో దాదాపు 200 మందిపై జరిపి 2014లో ప్రచురించిన పరిశోధన ఈ మాటను పరీక్షించింది. కొందరిని 12 వారాల్లో వేగంగా, మరికొందరిని 36 వారాల్లో నిదానంగా తగ్గించారు. అనుకున్నంత బరువు తగ్గినవారు వేగం గుంపులోనే ఎక్కువ. అయితే తర్వాత దాదాపు మూడేళ్లు గమనిస్తే రెండు గుంపులవారికీ తగ్గిన బరువులో సుమారు 71 శాతం తిరిగి వచ్చింది. అంటే తిరిగి పెరగడానికి కారణం వేగం కాదు. డైట్ అయిపోయాక మళ్లీ పాత కంచానికి వెళ్లడమే.

వేగంగా తగ్గడం వల్ల మేలు జరిగిన సందర్భం కూడా ఉంది. బ్రిటన్‌లో 2017లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివారికి, ఇన్సులిన్ వాడనివారికి మూడు నుంచి అయిదు నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. రెండేళ్లకు అది 36 శాతమైంది. బరువు తిరిగి పెరిగినవారిలో షుగర్ కూడా తిరిగి వచ్చింది.

మన ప్రాంతంలో షుగర్ డైట్‌తో అదుపులోకి వచ్చిందని చెప్పేవారి మాటను అందువల్ల కొట్టిపారేయలేం. కానీ ఒక్క సంగతి గమనించాలి. ఆ పరిశోధనలో షుగర్, బీపీ మాత్రలను మొదటి రోజే వైద్యులు ఒక పద్ధతి ప్రకారం ఆపారు. తర్వాత క్రమం తప్పకుండా పరీక్షించారు. పక్కింటివారి మాట విని ఎవరికివారు మాత్రలు ఆపుకోవడానికీ, దీనికీ చాలా తేడా ఉంది.

ప్రమాదం మందుల డబ్బాలో ఉంది

డైట్ మొదలుపెట్టినవారిలో ఎక్కువ ప్రమాదం కొవ్వు వల్లో, అన్నం మానడం వల్లో కాదు, అప్పటికే వాడుతున్న మందుల వల్ల వస్తుంది. ఇంట్లో ఉన్న మందుల చీటీ ఒకసారి తీసి చూడండి.

* ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి మందులు: అన్నం మానేసి ఇవి పాత మోతాదులోనే వాడితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక వస్తాయి. రాత్రి నిద్రలో పడిపోతే ప్రాణానికే ముప్పు.
* ఇన్సులిన్ పూర్తిగా ఆపడం: చిన్న వయసులో వచ్చే టైప్ 1 షుగర్ ఉన్నవారు ఏ డైట్ చేసినా ఇన్సులిన్ ఆపకూడదు. ఆపితే రక్తం ఆమ్లంగా మారి కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు.
* డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు: ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. ఇవి వేసుకుంటూ పిండిపదార్థం మానేస్తే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే "షుగర్ బాగానే ఉందిగా" అని ఇంట్లో ఉండిపోవద్దు.
* బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు: డైట్‌తో ఉప్పు, నీరు పోతున్నప్పుడు ఇవి కూడా తోడైతే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పెద్దవారు పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఉప్పు పూర్తిగా మానేసి నీళ్లు విపరీతంగా తాగే పెద్దవారిలో రక్తంలో సోడియం తగ్గి మతి తప్పినట్లు మాట్లాడటం కూడా జరుగుతుంది.

అందుచేత మందులు వాడేవారు డైట్ మొదలుపెట్టక ముందే, తర్వాత కాదు, డాక్టరు గారికి చెప్పండి. ఏ మాత్ర తగ్గించాలో, ఏది ఆపాలో, షుగర్ ఎన్నిసార్లు చూసుకోవాలో వారు రాసిస్తారు. శ్రమల కాలపు నలభై రోజులైనా, కార్తీక సోమవారాలైనా, రంజాన్ మాసమైనా ఉపవాసముండే షుగర్ రోగులకు ఇదే నియమం వర్తిస్తుంది.

వేగం వల్ల వచ్చే ఇతర ఇబ్బందులు

పిత్తాశయంలో రాళ్లు: నీరు పోయే మొదటి రోజులు దాటాక కూడా వారానికి కిలోన్నర కంటే ఎక్కువ తగ్గుతూ ఉంటే వీటి ముప్పు పెరుగుతుంది. పొట్ట కుడివైపు పైభాగంలో నొప్పి వచ్చి వీపులోకి, భుజంలోకి పాకుతుంటే స్కానింగ్ చేయించుకోవాలి.

కండ తగ్గడం: మాంసకృత్తులు చాలక, నడక లేక వేగంగా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అరవై దాటినవారికి పోయిన కండ మళ్లీ రావడం కష్టం. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశపు మార్కెట్లోకి మరిన్ని వచ్చాయి. వాటితో తగ్గేవారికీ ఈ హెచ్చరిక, పిత్తాశయం హెచ్చరిక వర్తిస్తాయి.

గుండె లయ తప్పడం: అమెరికాలో 1970ల చివర్లో ప్రోటీన్ ద్రవం మాత్రమే తాగి బరువు తగ్గే పద్ధతి ఒకటి విపరీతంగా ప్రచారమైంది. ఆ డైట్ చేస్తున్నవారిలో సుమారు 60 మంది చనిపోయినట్లు అక్కడి ఆరోగ్య అధికారులకు తెలిసింది. చాలామందిలో గుండె లయ తప్పి మరణం సంభవించింది. రోజుకు 800 కేలరీల లోపు ఆహారం వైద్యుల పర్యవేక్షణ లేకుండా తీసుకోకూడదని చెప్పడానికి కారణం ఇటువంటి అనుభవాలే.

ఇవి కాక యూరిక్ యాసిడ్ పెరిగి బొటనవేలి కీలు వాచడం, జుట్టు ఊడటం, మలబద్ధకం, కొందరిలో చెడు కొలెస్ట్రాల్ పెరగడం కూడా చూస్తాం. కొబ్బరినూనె రోజుకు 100 గ్రాములు తాగితే అదొక్కటే 900 కేలరీలు. అందులో అధిక భాగం సంతృప్త కొవ్వు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కేలరీల ఆహారానికి సూచించిన నూనె, కొవ్వు సుమారు 27 గ్రాములే. గుండెజబ్బు ఉన్నవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

వీరు సొంతంగా డైట్ చేయకూడదు

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు
* కిడ్నీ జబ్బు ఉన్నవారు. ఎ.కొండూరు మండలం వంటి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న చోట్ల ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి
* గుండె బలహీనంగా ఉన్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు. వీరికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు విషంతో సమానం
* కాలేయ జబ్బు, గౌట్ ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు, బాగా వయసు మళ్లినవారు

డైట్ చేయకుండానే తగ్గుతున్నారా?

ఏ ప్రయత్నమూ లేకుండా రెండు మూడు నెలల్లో బరువు తగ్గితే అది శుభవార్త కాదు. క్షయ, అదుపులో లేని షుగర్, థైరాయిడ్, క్యాన్సర్, ఏదైనా కావచ్చు. డైట్ చేస్తున్నవారిలో ఈ జబ్బులు దాక్కునే అవకాశం ఇంకా ఎక్కువ. తగ్గుదలంతా డైట్ వల్లేనని అందరూ మెచ్చుకుంటారు, లోపల జబ్బు ముదురుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రపు జ్వరం, అతిదాహం, మలంలో రక్తం, మింగడం కష్టం కావడం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష చేయించుకోవాలి. డైట్ ఆపేసినా బరువు తగ్గుతూనే ఉంటే ఒక్క వారం కూడా ఆలస్యం చేయవద్దు.

మన కంచంతోనే తగ్గవచ్చు

జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం క్షేమమని చెబుతోంది. రోజుకు 1,000 కేలరీల కంటే తక్కువ తినవద్దంటోంది. ఆరు నెలల్లో మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గడం మంచి గురి. 80 కిలోలవారు 4 నుంచి 8 కిలోలు తగ్గినా బీపీ, షుగర్, మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పడతాయి.

కృష్ణా కాలువల కింద పుట్టి పెరిగినవారికి అన్నం మానడమంటే జీవితం మానినంత పని. పూర్తిగా మానాల్సిన అవసరం చాలామందికి లేదు. 1939 నుంచి అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ వాల్టర్ కెంప్నర్ ఉప్పు లేని అన్నం, పండ్లతోనే తీవ్రమైన బీపీ రోగులకు చికిత్స చేశారు. అన్నం తిని కూడా వారు బరువు తగ్గారు! కాబట్టి దోషం అన్నానిది కాదు. మనం పెట్టుకునే రాశిది, దాని పక్కన ఉన్న వాటిది.

* అన్నాన్ని కప్పుతో కొలిచి పెట్టుకోండి. మొదటి నెలలో మామూలుగా తినేదానిలో మూడో వంతు తగ్గించండి.
* కంచంలో సగం బీర, సొర, బెండ, దొండ, ఆకుకూరలతో నింపి ముందు అవి తినండి.
* ప్రతి పూటా పప్పు, గుడ్డు, చేప, చికెన్, పెరుగు, వీటిలో ఒకటి ఉండాలి. వేపుడు కంటే పులుసు మేలు.
* ఆవకాయను కూరలా కాకుండా నంజుకోవడానికి మాత్రమే వాడండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.
* సాయంత్రం పునుగులు, బజ్జీలు, కూల్‌డ్రింకులు వారానికి ఒకసారికి పరిమితం చేయండి. టీలో పంచదార తగ్గిస్తూ రండి.
* కాలువ గట్టు మీదో, మేడ మీదో రోజూ 40 నిమిషాలు నడవండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వంటి కండబలం పెంచే వ్యాయామాలు వారానికి రెండు మూడు రోజులు చేయండి.

ఇక ముందు అడిగిన ప్రశ్నకు జవాబు. మందులేవీ వాడని, ఇతర జబ్బులు లేని వ్యక్తి మొదటి పది రోజుల్లో ఎక్కువ బరువు తగ్గితే కంగారు పడనక్కర్లేదు. అందులో సగానికి పైగా నీరే. దాన్ని చూసి పొంగిపోనూ అక్కర్లేదు. రెండో నెలలో, ఆరో నెలలో నడుము కొలత ఎంత ఉందన్నదే అసలు ఫలితం. షుగర్, బీపీ మందులు వాడేవారికైతే ఆ మొదటి పది రోజులే అత్యంత ప్రమాదకరమైనవి. కళ్లు తిరగడం, గుండె దడ, ఆగని వాంతులు, ఆయాసం, తికమకగా మాట్లాడటం, కుడివైపు కడుపునొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా డైట్ పక్కనపెట్టి వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు మీ మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తెచ్చుకోండి. ఏ డైట్ చేస్తున్నారో దాచకుండా చెప్పండి. తిట్టడానికి కాదు, మీ మందుల మోతాదు సరిచేయడానికే ఆ వివరం అడుగుతాం.